కెమికల్ ఇంజనీరింగ్‌లో పైచదువు: గేట్ రాసి ఎం.టెక్ చేయాలా, బి.టెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీకి వెళ్లాలా?

కొరిటెపాడు_కెమ్ అడిగిన ప్రశ్న

అన్నలకీ అక్కలకీ నమస్కారం. గుంటూరులో బి.టెక్ కెమికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పటిదాకా సీజీపీఏ 7.9, బ్యాక్‌లాగ్‌లు లేవు. క్యాంపస్‌కి వచ్చేవి దాదాపు అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. నాకేమో సబ్జెక్టులోనే ఉండాలని ఉంది. మాస్ ట్రాన్స్‌ఫర్, రియాక్షన్ ఇంజనీరింగ్ బాగా ఇష్టం. ప్రాసెస్ కంట్రోల్ ఇంకా కొరుకుడు పడలేదు.

అప్పు చేసి విదేశాలకు పంపే స్తోమత ఇంట్లో లేదు. గేట్ (ఎం.టెక్ సీట్లకు జాతీయ పరీక్ష) రాసి ఇక్కడే ఎం.టెక్ చేయడం మేలా? బి.టెక్ అవగానే అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేస్తే తీసుకుంటారా? రెండిటికీ ఒకే ఏడాది ప్రయత్నించడం కుదిరే పనేనా?

ఇంకో సందేహం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మా బ్యాచ్‌కి మిరప తొడిమలతో యాక్టివేటెడ్ కార్బన్ చేసి, దానితో మిథిలీన్ బ్లూ రంగు తొలగించే అంశం ఇచ్చారు. ఇలాంటివి ప్రతి కాలేజీలో ఏటా జరుగుతూనే ఉంటాయి కదా, పైచదువుకు ఇది పనికొస్తుందా? మార్చమని సార్‌ని అడగాలా?

రీఫ్లక్స్_బెజవాడ

రెండిటికీ ఒకే ఏడాది ప్రయత్నించొచ్చమ్మా. తేదీలు ఒకదానికొకటి అడ్డం రావు. కాకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊపిరి సలపదు. మామూలుగా గేట్ దరఖాస్తు ఆగస్టు చివర్లో మొదలవుతుంది, పరీక్ష ఫిబ్రవరి మొదటి సగంలో శని ఆదివారాల్లో, ఫలితాలు మార్చిలో. అమెరికా పీహెచ్‌డీ అప్లికేషన్ల గడువు ఎక్కువ యూనివర్సిటీల్లో డిసెంబరు 1 నుంచి 15 లోపు, కొన్నిటికి జనవరి. అక్కడి నుంచి ఆఫర్లు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, ఏప్రిల్ 15లోగా జవాబు చెప్పాలి. అంటే గేట్ ర్యాంకు, అమెరికా జవాబు రెండూ చేతిలో పెట్టుకునే ఏప్రిల్‌లో తేల్చుకోవచ్చు.

ముందు డబ్బు లెక్క చూద్దాం, మీ ఇంటి పరిస్థితికి అదే కీలకం. గేట్‌తో ఎం.టెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, 24 నెలలు. దానికి బదులుగా వారానికి 8 గంటల దాకా ల్యాబ్ లేదా ట్యుటోరియల్ పని చేయిస్తారు. హాస్టల్, మెస్ ఖర్చుకు అది సరిపోతుంది, ఇంటికి పంపేంత మిగలదు. ఇక్కడే పీహెచ్‌డీ అయితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. అమెరికాలో ఎంఎస్ అంటే చాలావరకు సొంత డబ్బే, కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. అక్కడి పీహెచ్‌డీ వేరు. టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా పెట్టుకుని ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. దానికి ఎం.టెక్ ఉండాలన్న నియమం లేదు, నాలుగేళ్ల బి.టెక్‌తోనే తీసుకుంటారు. ఈ సంగతి తెలియక రెండేళ్లు ఆలస్యంగా అప్లై చేసేవాళ్లు మన దగ్గర చాలామంది.

జర్మనీ పేరు మీ క్లాసులో ఎవరో ఒకరు ఎత్తే ఉంటారు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు ముందే చూపాలి. ఆ పైన మన చదువు పత్రాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు. ఫీజు లేదంటే ఖర్చే లేదనుకుని బయల్దేరకండి.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, మూడో సంవత్సరంలోనే రాయనిస్తారు కూడా. ఎం.టెక్‌కి ఆ మూడేళ్లలో ఏ స్కోరైనా వాడుకోవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు మాత్రం నోటిఫికేషన్‌లో ఏ ఏడాది అడిగితే ఆ ఏడాది స్కోరే కావాలి.

ఇక ఎక్కువమంది దెబ్బతినే చోటు కౌన్సెలింగ్. ఐఐటీలకు కోప్ అనే ఉమ్మడి పోర్టల్ ఉంది. అందులో రిజిస్టర్ అయితే చాలు, అన్ని ఐఐటీలకూ అప్లై చేసినట్టే అనుకుంటారు. అలా కాదు. మద్రాసుకు మద్రాసు వెబ్‌సైట్‌లో, హైదరాబాద్‌కు హైదరాబాద్ వెబ్‌సైట్‌లో, ఏ ఐఐటీకి ఆ ఐఐటీలో విడివిడిగా అప్లై చేయాలి. కోప్‌లో ఆఫర్లు కనిపిస్తాయి, అక్కడ ఒప్పుకోవడమో వదులుకోవడమో చెప్పాలి, అంతే. గడువులోగా ఏదీ నొక్కకపోతే ఆ సీటు పోయినట్టే లెక్క. ఎన్ఐటీలకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్, అక్కడ ఒక్క దరఖాస్తుతో అన్నిటికీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. వరంగల్ ఎన్ఐటీలో కెమికల్ ఎం.టెక్ సీటు ఈ దారిలోనే. ఐఐటీ మద్రాసులో ఎం.టెక్‌తో పాటు రీసెర్చ్ ద్వారా ఎం.ఎస్. అనే కోర్సు ఉంది, మీకు ల్యాబ్ పని ఇష్టమైతే దానికీ పెట్టండి. అక్కడ ర్యాంకు పిలుపు వరకే తెస్తుంది, తర్వాత ఇంటర్వ్యూలో తేల్చుకోవాలి.

సర్టిఫికెట్ల దగ్గర ఒక జాగ్రత్త. మన రాష్ట్రం ఇచ్చే బీసీ-ఎ, బి, డి సర్టిఫికెట్ ఐఐటీ, ఎన్ఐటీ కౌన్సెలింగ్‌లో నడవదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది. మన బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి, అది ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌దీ అదే సంగతి, పోయిన ఏడాదిది పనికిరాదు. ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో అర్జీ పెడితే మేలు. సీటు చూపించాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది.

ఏటుకూరు_రోడ్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. గేట్ క్వాలిఫై కాకపోతే రాష్ట్రం పెట్టే ఏపీ పీజీఈసెట్ ప్రవేశ పరీక్ష ఒక్కటే దారా? దాంతో చేస్తే విలువ ఉంటుందా?

రీఫ్లక్స్_బెజవాడ

పీజీఈసెట్‌లో 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకు మార్కు కోత లేదు. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట కెమికల్ ఎం.టెక్‌కు అదే దారి. గేట్ స్కోరున్నవాళ్లకే అక్కడా ముందు సీట్లిస్తారు, స్టైపెండ్ కూడా గేట్‌కే ముడిపడి ఉంటుంది. గేట్‌లో క్వాలిఫై మార్కు దాటడం వేరు, మంచి ర్యాంకు రావడం వేరు. ముందు క్వాలిఫై అవ్వండి, స్టైపెండ్‌కి గుమ్మం అదే. ఇక విలువంటారా, అక్కడ ఎవరి దగ్గర ఏ ప్రాజెక్టు చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్టేజ్_ఎఫిషియెన్సీ

గేట్ కెమికల్ పేపర్ గురించి నేను చెప్తాను. 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. ఆప్టిట్యూడ్ 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13, సబ్జెక్టు 72. ఒకే జవాబున్న మల్టిపుల్ ఛాయిస్‌లో 1 మార్కు ప్రశ్న తప్పితే 1/3, 2 మార్కులది తప్పితే 2/3 పోతుంది. సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకు, ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు. మన పేపర్‌లో సంఖ్య టైప్ చేసేవి చాలా ఉంటాయి, ర్యాంకు అక్కడే తేలుతుంది. ఫార్ములా తెలిసీ సంఖ్య తప్పు వేసేవాళ్లే ఎక్కువ.

ఒక లెక్క చూపిస్తాను, పెన్ను తీసుకుని నాతో పాటు చేయండి. ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్, రేట్ కాన్‌స్టంట్ నిమిషానికి 0.2, ఫీడ్ నిమిషానికి 10 లీటర్లు, కన్వర్షన్ 0.8 కావాలి. మిక్స్‌డ్ రియాక్టర్ (లోపలంతా కలిసిపోయే ట్యాంకు) అయితే 10 × 0.8 ÷ (0.2 × 0.2) = 200 లీటర్లు. ప్లగ్ ఫ్లో (కలవకుండా ముందుకు సాగే గొట్టం) అయితే (10 ÷ 0.2) × ఎల్ఎన్ 5 (సహజ లాగరిథమ్) = 80.5 లీటర్లు. సమానమైన రెండు మిక్స్‌డ్ రియాక్టర్లు వరసగా పెడితే ఒక్కోటి 61.8, మొత్తం 123.6 లీటర్లు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు.

ఇప్పుడు అదే ప్రశ్నలో "గ్యాస్ ఫేజ్, ఒక మోల్ ఎ నుంచి రెండు మోల్‌లు బి, ఫీడ్‌లో ఎ ఒక్కటే" అని ఒక ముక్క చేరుస్తారు. మోల్‌లు పెరిగితే వాల్యూమ్ పెరుగుతుంది, గాఢత ఇంకా త్వరగా పడిపోతుంది, రియాక్టర్ పెద్దది కావాలి. ఎప్సిలాన్ (రియాక్షన్ పూర్తయితే వాల్యూమ్ ఎన్నో వంతు పెరుగుతుందో చెప్పే సంఖ్య) 1. ప్లగ్ ఫ్లోకి 2 × ఎల్ఎన్ 5 లోంచి 0.8 తీసేస్తే 2.419, దాన్ని 50తో గుణిస్తే 120.9 లీటర్లు. ఆ ముక్క గమనించకుండా 80.5 టైప్ చేసి వచ్చేస్తారు. గ్యాస్ అన్న మాట కనపడగానే మోల్‌లు ఎన్ని నుంచి ఎన్నయ్యాయో లెక్కపెట్టడం అలవాటు కావాలి. పక్కనే ఇనర్ట్ ఉందంటే ఎప్సిలాన్ మళ్లీ మారుతుంది. ఫీడ్‌లో సగం నైట్రోజన్ అయితే 0.5.

కంట్రోల్ కొరుకుడు పడలేదన్నారు. లాప్లాస్ ఫార్ములాల గుట్టతో కాకుండా ఫేజ్ లాగ్ (ఇన్‌పుట్ ఊగితే అవుట్‌పుట్ ఎంత వెనకపడుతుందో) నుంచి మొదలుపెట్టి చూడండి. గెయిన్ 1, టైమ్ కాన్‌స్టంట్ 1 నిమిషం ఉన్న ఫస్ట్ ఆర్డర్ లాగ్‌లు మూడు వరసగా ఉన్నాయనుకోండి. మొత్తం 180 డిగ్రీలు వెనకపడాలంటే ఒక్కోటి 60 డిగ్రీలు వెనకపడాలి. టాంజెంట్ 60 అంటే 1.732, కాబట్టి ఫ్రీక్వెన్సీ నిమిషానికి 1.732 రేడియన్లు. అక్కడ ఒక్కోదాని యాంప్లిట్యూడ్ రేషియో సగం, మూడూ కలిస్తే ఎనిమిదో వంతు. అల్టిమేట్ గెయిన్ (లూప్ ఆగకుండా ఊగే గెయిన్) 8, అల్టిమేట్ పీరియడ్ 3.63 నిమిషాలు. కంట్రోలర్ సెట్టింగులు చెప్పే జీగ్లర్-నికోల్స్ సూత్రాల ప్రకారం పీఐ కంట్రోలర్‌కు గెయిన్ 3.6, ఇంటెగ్రల్ టైమ్ 3.02 నిమిషాలు. ఈ ఒక్కదాన్ని మీ అంతట మీరు మూడుసార్లు రాసుకుంటే సగం భయం పోతుంది. దీనికి డెడ్ టైమ్ (మార్పు కనిపించే ముందు జరిగే ఆలస్యం) కలిపినప్పుడు జరిగే తప్పు ఒకటుంది. 0.5 నిమిషం డెడ్ టైమ్, ఫ్రీక్వెన్సీ 2 అయితే గుణకారం 1 వస్తుంది. అది 1 రేడియన్, అంటే 57.3 డిగ్రీలు. దాన్ని 1 డిగ్రీ అనుకుని కలిపితే జవాబు ఎక్కడికో పోతుంది.

మీ చేతిలోని క్యాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, స్క్రీన్ మీద మౌస్‌తో నొక్కేదే వాడాలి. డిగ్రీ, రేడియన్ గుర్తు చూసుకోవడం, బ్రాకెట్లు పెట్టడం అందులోనే నెల రోజులు సాధన చేయండి. ఆవిరి పీడనం లెక్కించే ఆంటోయిన్ సమీకరణంలో లాగ్ పది బేసా, ఎల్ఎన్నా, ఒత్తిడి గేజా, అబ్సొల్యూటా, ఈ రెండూ చూడకుండా లెక్క మొదలుపెట్టకండి.

తక్కువ శ్రమతో మార్కులిచ్చేవి మెకానికల్ ఆపరేషన్స్, ప్లాంట్ ఎకనామిక్స్. సైజు తగ్గించే మూడు సూత్రాలు, స్టోక్స్ సెట్లింగ్, ఫిల్ట్రేషన్‌లో స్లోప్, ఇంటర్సెప్ట్ లెక్క. ఎకనామిక్స్‌లో సిక్స్-టెన్త్స్ సూత్రం (ఘాతం 0.6): కెపాసిటీ రెట్టింపైతే ఖర్చు 1.52 రెట్లే అవుతుంది. వారం రోజులు కేటాయిస్తే ఈ రెండూ చేతికొస్తాయి. కెమికల్ టెక్నాలజీని ఆఖరి పది రోజులకు ఉంచుకోండి, ముందు చదివితే మర్చిపోతారు.

ప్యాక్డ్‌బెడ్

ప్రాజెక్టు మార్చమని అడగొద్దు, చెల్లీ. మిరప యార్డున్న ఊళ్లో తొడిమలు కావలసినంత దొరుకుతాయి, ముడిసరుకు విషయంలో మీ ప్రాజెక్టుకు అర్థముంది. అంశం పాతదైనా నష్టం లేదు. ఈ ప్రాజెక్టులను కొలతలు, లెక్కలు చేసే తీరే చెడగొడుతుంది, దాన్ని మీరు సరిచేయొచ్చు.

కార్బన్ తయారీతో మొదలుపెడదాం. తొడిమలు కడిగి 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి ముక్కలు చేయండి. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో నానబెట్టి, 450 నుంచి 500 డిగ్రీల మఫుల్ ఫర్నేస్‌లో మూత ఉన్న క్రూసిబుల్‌లో గంటసేపు ఉంచడం అందరూ చేసే పద్ధతి. మూత సరిగ్గా లేకపోతే గాలి తగిలి కార్బన్ బూడిదవుతుంది. ఆ తర్వాత కడగడంలో బద్ధకించొద్దు. కడిగిన నీళ్ల పీహెచ్ 6, 7 మధ్యకు వచ్చేదాకా వేడి నీళ్లతో కడగాలి. యాసిడ్ మిగిలితే అది మీ ద్రావణం పీహెచ్‌ను లాగేస్తుంది, అప్పుడు కార్బన్ పట్టే గుణం గురించి మీరు రాసేదంతా తప్పవుతుంది.

మిథిలీన్ బ్లూని 664 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. కాలిబ్రేషన్ లీటరుకు 1 నుంచి 5 మిల్లీగ్రాముల దాకానే గీయండి. అక్కడికే అబ్సార్బెన్స్ 1 దగ్గరకు వస్తుంది. గాఢత పెరిగితే రంగు అణువులు జతకట్టి గీత వంగిపోతుంది, కాబట్టి శాంపిల్‌ని డైల్యూట్ చేసి కొలవాలి. స్టాక్ ద్రావణం చేసేటప్పుడు సీసా మీద ట్రైహైడ్రేట్ అని ఉందేమో చూడండి. ఉంటే తూచిన బరువులో దాదాపు 14 శాతం నీళ్లే.

ఇక అందరూ పట్టించుకోని తప్పు ఫిల్టర్ పేపర్. మిథిలీన్ బ్లూ సెల్యులోజ్‌కి అంటుకుంటుంది. నీలి నీళ్లు పేపర్ గుండా పోస్తే తెల్లగా దిగుతాయి, ఆ ఘనత కార్బన్‌కి కట్టబెడతారు. సెంట్రిఫ్యూజ్ వాడండి. అది లేకపోతే మొదట దిగిన 10, 15 మిల్లీలీటర్లు పారబోసి తర్వాతది కొలవండి. కార్బన్ వేయని ద్రావణాన్ని కూడా అన్ని దశల గుండా పంపి ఎంత తగ్గిందో రాసి పెట్టుకోండి. ఆ బ్లాంక్ రీడింగ్ ఉన్న బి.టెక్ రిపోర్టు అరుదు. ఉన్నదాన్ని చూసినవాళ్లు మిగతా పేజీలు కూడా నమ్ముతారు.

"99 శాతం తొలగింపు" అని అట్ట మీద రాయాలనే ఆశ మానుకోండి. అన్ని ఫ్లాస్కుల్లోనూ రంగు పూర్తిగా పోతే ఐసోథర్మ్ (ఎంత గాఢత మిగిలితే కార్బన్ ఎంత పట్టిందో చూపే గీత) గీయడానికి ఏమీ మిగలదు. 100 మి.లీ. ద్రావణం, లీటరుకు 100 మి.గ్రా. రంగు, 0.1 గ్రాము కార్బన్, చివరకు 12 మి.గ్రా. మిగిలితే గ్రాముకు 88 మి.గ్రా. పట్టినట్టు. ఇలాంటి బిందువులు ఆరేడు కావాలి. మిగిలిన గాఢత కొన్నిటిలో 5 శాతం, కొన్నిటిలో 70, 80 శాతం ఉండేలా కార్బన్ మోతాదు తగ్గించండి, లేదా మొదటి గాఢత పెంచండి. ఐసోథర్మ్‌కు వాడే లాంగ్మూర్ గీత వంపు తిరిగే చోటు అప్పుడే కనిపిస్తుంది.

కైనెటిక్స్ దగ్గర సూడో సెకండ్ ఆర్డర్ మోడల్ బాగా సరిపోయింది, ఆర్ స్క్వేర్ 0.999, కాబట్టి కెమిసార్ప్షన్ (రసాయన బంధంతో పట్టడం) అని రాస్తారు. ఇంటర్వ్యూలో ముందుగా పడగొట్టేది ఈ వాక్యాన్నే. టీ (సమయం) బై క్యూ (గ్రాము కార్బన్ పట్టిన రంగు)ని టీ మీద గీస్తున్నారు, రెండు అక్షాల మీదా టీ ఉంది. సమతౌల్యానికి చేరాక క్యూ మారదు, గీత దానంతటదే తిన్నగా వస్తుంది. డేటా సగం సమతౌల్యం తర్వాతదైతే ఏ పదార్థానికైనా 0.99 వస్తుంది. మొదటి 15 నిమిషాల్లోనే ఆరేడు రీడింగులు తీసుకుని, గీతగా మార్చకుండా నేరుగా వక్రాన్నే ఫిట్ చేయండి. ఏది నెమ్మదిగా జరుగుతోందో తెలియాలంటే కణం సైజు మార్చాలి. 0.7 మి.మీ. కణాలనూ 0.35 మి.మీ. కణాలనూ జల్లెడపట్టి విడదీసి రెండిటితోనూ అదే ప్రయోగం చేయండి. సైజు సగమైతే సమయం నాలుగో వంతుకు దగ్గరైతే కణం లోపలి డిఫ్యూజన్ అడ్డమన్నమాట. షేకర్ వేగం పెంచితేనే తేడా వస్తే బయటి ఫిల్మ్ అడ్డం. ఆ తర్వాత కార్బన్ నింపిన చిన్న కాలమ్ ఒకటి నడిపితే మీది పూర్తిగా కెమికల్ ఇంజనీరింగ్ ప్రాజెక్టు అవుతుంది.

దీన్నే మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కు (అప్లికేషన్‌తో పంపే వ్యాసం) పునాది చేసుకోండి. "చిన్నప్పటి నుంచి నాకు కెమిస్ట్రీ అంటే ప్రాణం" అని మొదలుపెడితే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. "కణం సైజు సగం చేస్తే సమతౌల్య సమయం ఇంత తగ్గింది, దాన్నిబట్టి లోపలి డిఫ్యూజన్ అడ్డమని తేల్చాను, కానీ పెద్ద రంధ్రాలున్న శాంపిల్‌లో ఈ లెక్క కుదరలేదు, అదెందుకో తెలుసుకోవాలనుంది" అని మీ సంఖ్యలతో రాస్తే ఒక్క పేరాలో మీరేమిటో తెలుస్తుంది. కుదరని ఫలితం దాచకండి. పీహెచ్‌డీకి మనిషిని తీసుకునేవాళ్లు వెతికేది దాన్నే.

అమెరికాలో చాలా కెమికల్ డిపార్ట్‌మెంట్లలో ముందు కమిటీ సీటిస్తుంది, చేరిన మొదటి సెమిస్టర్‌లో గైడ్‌ని ఎంచుకుంటారు. కాబట్టి ప్రొఫెసర్లందరికీ ఒకే మెయిల్ పంపడం దండగ. యూరప్‌లో అలా కాదు. అక్కడ చాలావరకు ప్రొఫెసరే ఉద్యోగంగా ఇస్తారు, వారి పని చదివి రాసిన మెయిల్ అక్కడ అవసరం. మూడు రికమండేషన్ లెటర్లు కావాలి. ఒకటి తప్పకుండా మీ ప్రాజెక్టు గైడ్‌ది. అడిగే రోజున మీ డేటా, మార్కుల మెమోలు, గడువుల పట్టిక ఇచ్చి నెల రోజులు టైమివ్వండి. లెటర్ లింకు వెళ్లేది సార్ కాలేజీ మెయిల్‌కి కావాలి. సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు అనుమానిస్తాయి. సార్‌కి కాలేజీ మెయిల్ లేకపోతే ఇప్పుడే అడిగి పెట్టించండి.

పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాయించుకోండి. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఖాళీగా పోతే వీసా మీద పేరు చిందరవందర అవుతుంది.

రీఫ్లక్స్_బెజవాడ

ఐఐటీ ఇంటర్వ్యూ గురించి ఒక్క మాట చేరుస్తాను. ముందు ఇష్టమైన సబ్జెక్టు ఏదని అడుగుతారు. మీరు రియాక్షన్ ఇంజనీరింగ్ అంటే అక్కడి నుంచి హీట్ బ్యాలెన్స్‌లోకి లాగుతారు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకైన ఘటన మన రాష్ట్రం పిల్లల్ని అడగడానికి అనువైన ప్రశ్న. ట్యాంకులో వేడి పెరిగితే పాలిమరైజేషన్ రేటు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, బయటికి పోయే వేడి మాత్రం ఉష్ణోగ్రత తేడాకు అనుపాతంగానే పెరుగుతుంది. ఆ రెండు గీతలూ ఒకే గ్రాఫ్‌లో గీసి ఎక్కడ అదుపు తప్పుతుందో చూపించగలగాలి. స్టైరీన్‌లో కలిపే టీబీసీ ఇన్హిబిటర్ (పాలిమరైజేషన్‌ను అడ్డుకునే పదార్థం) పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కొంచెం ఉండాలి, అందుకే దాన్ని పూర్తిగా నైట్రోజన్ కింద ఉంచరు. ఇంత చెప్పగలిగితే తర్వాతి ప్రశ్న మీ ప్రాజెక్టు మీదకు వస్తుంది.

కొరిటెపాడు_కెమ్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఫిల్టర్ పేపర్ సంగతి ఇప్పటిదాకా మాకెవరికీ తెలియదు, సోమవారమే బ్లాంక్ చేసి చూస్తాం. ప్యాక్డ్‌బెడ్ అన్నా, కాలమ్ నడపమన్నారు కదా, మా ల్యాబ్‌లో పెరిస్టాల్టిక్ పంపు లేదు. 2 సెం.మీ. వ్యాసమున్న గాజు కాలమ్ ఒకటుంది. ల్యాబ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే తెరుస్తారు. కుదురుతుందా?

ప్యాక్డ్‌బెడ్

కుదురుతుంది, కానీ బెడ్ ఎత్తు ముందు లెక్కేసుకోవాలి. 10 సెం.మీ. బెడ్ పోస్తే 31.4 మి.లీ. కార్బన్. మి.లీ.కి 0.4 గ్రాము చొప్పున 12.6 గ్రాములు. గ్రాముకు 100 మి.గ్రా. పట్టుకుంటే 1,260 మి.గ్రా. రంగు కావాలి. లీటరుకు 50 మి.గ్రా. ఫీడ్‌ని నిమిషానికి 10 మి.లీ. చొప్పున పంపితే నిమిషానికి అర మిల్లీగ్రామే. అంటే 42 గంటలు. సాయంత్రం 5కి తాళం వేసేసరికి కింద తెల్లటి నీళ్లే దిగుతుంటాయి, రంగు ఎప్పుడు బయటపడుతుందో చూపే వక్రం రానే రాదు.

అదే 3 సెం.మీ. బెడ్ పోసి ఫీడ్ 100 మి.గ్రా. చేయండి. కార్బన్ 3.8 గ్రాములు, పట్టేది 380 మి.గ్రా., సుమారు ఆరుంబావు గంటలు, ఫీడ్ 4 లీటర్లు. వక్రం తోక భాగం ఇంకాస్త లాగుతుంది కాబట్టి 5 లీటర్లు చేసి పెట్టుకోండి. మొదటి రోజు 3, తర్వాత 2, ఆపైన 4 సెం.మీ. పెట్టి చూడండి. 4 సెం.మీ.కి ఎనిమిదిన్నర గంటలకు దగ్గరవుతుంది, ఆ రోజుకు ముందే అనుమతి అడగండి. గ్రాముకు 100 అన్నది నేను అనుకున్న సంఖ్య, మీ ఐసోథర్మ్‌లో వచ్చింది వేసి మళ్లీ లెక్క కట్టుకోండి. కణాలు 0.5 నుంచి 0.7 మి.మీ. మధ్య ఉంటే కాలమ్ వ్యాసం కణం కన్నా సుమారు 30 నుంచి 40 రెట్లు ఉంటుంది, గోడ వెంట నీళ్లు జారిపోయే బాధ తగ్గుతుంది.

కార్బన్‌ని పొడిగా పోయొద్దు. నీళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లారాక, కాలమ్‌లో సగం నీళ్లుండగా కొంచెం కొంచెంగా జారవిడవండి. కింద, పైన దూది వద్దు, అదీ సెల్యులోజే, రంగు లాక్కుంటుంది. గాజు ఉన్ని పెట్టండి. బెడ్ పైన ఎప్పుడూ రెండు సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉండాలి. ఒక్కసారి గాలి లోపలికి పోతే ఆ రోజు ప్రయోగం అయిపోయినట్టే.

పంపు బదులు అడుగున కుళాయి ఉన్న 10 లీటర్ల ఆస్పిరేటర్ సీసా బల్ల మీద ఎత్తులో పెట్టండి. పై మూతకు రబ్బరు బిరడా గట్టిగా బిగించి, దాని గుండా ఒక గాజు గొట్టం కుళాయి మట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల పై వరకూ దించండి. గాలి ఆ గొట్టం అడుగు నుంచే లోపలికొస్తుంది కాబట్టి సీసాలో మట్టం పడిపోతున్నా ప్రవాహం మారదు. బిరడా దగ్గర గాలి లీకైతే ఇది పనిచేయదు, గ్రీజు రాయండి. కుళాయికీ కాలమ్‌కీ మధ్య సెలైన్ సెట్ తగిలించండి, కొత్తపేటలో ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. దాని చక్రం తిప్పి ప్రవాహం సరిచేసుకోవచ్చు. చుక్కలు లెక్కపెట్టకండి, నిమిషానికి 200 చుక్కలు కంటికి ఆనవు. కాలమ్ కింద కొలజాడీ పెట్టి అరగంటకోసారి రెండు నిమిషాల నీళ్లు పట్టి కొలవండి, 20 మి.లీ. రావాలి. ప్లాస్టిక్ గొట్టానికి కూడా రంగు కొంచెం అంటుకుంటుంది. అందుకని ఫీడ్ గాఢతను సీసాలో కాకుండా కాలమ్‌లోకి దిగే చోట, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలిచి రాసుకోండి.